36 కోట్లు, 36 నెలలు: ప్రభుత్వ ప్రయోగాలకు పైకం ఇచ్చిందెవరు?

బ్రిటిష్ సేనలతో రాణి చెన్నమ్మ తలపడిన ఊరిగా కర్ణాటకలోని కిత్తూరు చరిత్రకెక్కింది. 1986లో ఆ ఊరు మరో కారణంతోనూ చరిత్రలో చోటు సంపాదించుకుంది. దేశీయ ఇంజనీర్లు రూపొందించిన గ్రామీణ డిజిటల్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీ తొలిసారిగా అక్కడే పనిచేయడం మొదలుపెట్టింది. 128 లైన్ల సామర్థ్యం గల చిన్న పెట్టె అది. ఏసీ గది అక్కరలేదు. ఎండకు, దుమ్ముకు, రోజుకు పదిసార్లు పోయి వచ్చే కరెంటుకు తట్టుకుంటుంది. అప్పటిదాకా విదేశాల నుంచి వచ్చిన ఎక్స్ఛేంజీలన్నీ చల్లని దేశాల పెద్ద నగరాలను దృష్టిలో పెట్టుకుని తయారైనవే. భారతదేశపు పల్లెటూరి కోసం ఒక యంత్రాన్ని తయారు చేయాలన్న ఆలోచనకు ప్రభుత్వం పైకం పెట్టడం అరుదైన విషయం. ఆ పైకం 36 కోట్ల రూపాయలు. గడువు 36 నెలలు.

ఈ రెండు అంకెలు ఆ తర్వాత దాదాపు సామెతగా మారాయి. కానీ వాటి వెనుక ఉన్న ప్రశ్న మీద చర్చ జరిగింది తక్కువే. పౌరుడికి అందే సేవను మెరుగుపరచడానికి ప్రభుత్వం కొత్తదనం మీద డబ్బు పెట్టాలంటే ఆ డబ్బు ఏ పద్దు నుంచి రావాలి? ఎవరి చేతికి రావాలి? ప్రయోగం విఫలమైతే జవాబుదారీ ఎవరు? అన్నిటికంటే ముఖ్యంగా, ప్రయోగం ఫలించాక రెండో ఏడాది ఖర్చు ఎవరు భరించాలి? స్వతంత్ర భారతదేశం ఈ ప్రశ్నలకు ఏడు దశాబ్దాలలో అనేక జవాబులు చెప్పింది. ఒక్కదాని మీదా నిలకడగా నిలబడలేదు.

ఇటావాలో మొదలు

ఈ చరిత్రకు తొలి అధ్యాయం టెలిఫోన్లతో కాదు, పొలాలతో మొదలైంది. 1948లో ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లాలో మహేవా కేంద్రంగా 64 గ్రామాలలో ఒక ప్రయోగం ఆరంభమైంది. దాని రూపకర్త ఆల్బర్ట్ మేయర్ అమెరికన్ వాస్తుశిల్పి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక ఇంజనీరుగా భారతదేశానికి వచ్చి నెహ్రూతో పరిచయం పెంచుకున్నవాడు. ముఖ్యమంత్రి గోవింద వల్లభ పంత్ ఆ ప్రయోగానికి అండగా నిలిచారు. అప్పటిదాకా రైతు దగ్గరికి వ్యవసాయ శాఖ ఉద్యోగి ఒకరు, పశువైద్య శాఖ ఉద్యోగి ఒకరు, పారిశుద్ధ్యానికి మరొకరు వచ్చేవారు, లేదా ఎవరూ వచ్చేవారు కారు. ఈ పనులన్నీ తెలిసిన ఒకే గ్రామసేవకుణ్ణి కొద్దిపాటి ఊళ్లకు కలిపి నియమించడం, అతడు ఊరివాళ్ల మాట విని పై అధికారికి చేరవేయడం ఇటావా పద్ధతికి మూలం. అందులో ఖరీదైన యంత్రం ఏదీ లేదు. మారింది పని పద్ధతి మాత్రమే.

ఇటావా ఫలితాలు ఢిల్లీని ఆకట్టుకున్నాయి. 1952 జనవరిలో అమెరికాతో సాంకేతిక సహకార ఒప్పందం కుదిరి 5 కోట్ల డాలర్లు అందుబాటులోకి వచ్చాయి. గ్రామసేవకుల శిక్షణకు ఫోర్డ్ ఫౌండేషన్ నిధులిచ్చింది. అదే ఏడాది గాంధీ జయంతి నాడు దేశవ్యాప్తంగా 55 సామాజికాభివృద్ధి ప్రాజెక్టులు ఆరంభమయ్యాయి. ఒక్కో ప్రాజెక్టుకు సుమారు 300 గ్రామాలు, 2 లక్షల జనాభా. మరుసటి ఏడాదే జాతీయ విస్తరణ సేవ పేరుతో దేశమంతటికీ పాకించే నిర్ణయం జరిగింది. 64 గ్రామాలలో నాలుగేళ్లు నిదానంగా పండిన పంటను దేశమంతా ఒక్క కారులో కోసెయ్యాలని చూశారు.

ఫలితం 1957లో తేలింది. బల్వంతరాయ్ మెహతా కమిటీ ఈ కార్యక్రమాన్ని పరిశీలించి, ప్రజల చొరవను అది మేల్కొల్పలేకపోయిందని నిర్ధారించింది. నిధులు ఖర్చయ్యాయి, భవనాలు లేచాయి, కానీ ఇటావాకు ప్రాణమైన వినే గుణం కరువైంది. గ్రామసేవకుడు ఊరి మాటను పైకి మోసే మనిషిగా కాక, పైనుంచి వచ్చిన లక్ష్యాలను ఊరికి మోసే మనిషిగా మారిపోయాడు. కమిటీ సూచించిన మందు ప్రజాస్వామిక వికేంద్రీకరణ. 1959లో రాజస్థాన్ పంచాయతీరాజ్‌కు శ్రీకారం చుట్టగా, ఆ వెంటనే అదే బాట పట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ప్రయోగాన్ని విస్తరించడమంటే దాని ఖర్చును గుణించడం కాదన్న పాఠం ఆనాడే దొరికింది. దాన్ని నేర్చుకున్నవారు మాత్రం కొద్దిమంది.

పద్దు పుస్తకం తత్వం

ఇటావా లాంటివి ఎందుకు అరుదయ్యాయో తెలియాలంటే ప్రభుత్వ పద్దు పుస్తకం తత్వం తెలియాలి. చట్టసభ ఏడాదికోసారి నిధులు మంజూరు చేస్తుంది. మార్చి 31 లోపు ఖర్చు కాని సొమ్ము మురిగిపోతుంది. బడ్జెట్‌లో ఊహించని కొత్త సేవ మీద ఖర్చు పెట్టాలంటే రాజ్యాంగం 115వ అధికరణం కింద మళ్లీ సభ ముందుకు వెళ్లాలి. కొనుగోళ్లలో తక్కువ ధర కోట్ చేసినవాడికే పని. ఖర్చయ్యాక వినియోగ ధ్రువపత్రం సమర్పించాలి. ఆ తర్వాత కాగ్ ఆడిట్. వీటిలో ఏదీ దురుద్దేశంతో పెట్టిన నియమం కాదు. ప్రజాధనాన్ని రాజుగారి సొమ్ములా వాడకుండా ఆపడానికి శతాబ్దాల పోరాటంలో పార్లమెంట్లు సంపాదించుకున్న కవచాలవి.

అయితే ప్రయోగానికి ఈ కవచం బిగుతు. ప్రయోగం ఎంతకాలం పడుతుందో ముందే చెప్పలేరు, మార్చి మాత్రం తప్పక వస్తుంది. ఇంతవరకు ఎవరూ తయారు చేయని వస్తువుకు తక్కువ ధర టెండరు అనే మాటకే అర్థం లేదు. పది ప్రయత్నాలలో ఏడు విఫలమై మూడు నిలిస్తే పరిశోధకుడి దృష్టిలో అది విజయం, ఆడిటరు దృష్టిలో ఏడు అభ్యంతరాలు. తప్పు చేసిన అధికారికి శిక్ష ఉంది, ఏమీ చేయని అధికారికి ఏ శిక్షా లేదు. ఇలాంటి చోట వివేకవంతుడైన అధికారి ఏ దారి ఎంచుకుంటాడో వేరే చెప్పనక్కరలేదు.

దీనికి తోడు ప్రణాళిక, ప్రణాళికేతర వ్యయమనే విభజన దశాబ్దాల పాటు నడిచింది. కొత్తగా కట్టేది ప్రణాళిక వ్యయం. కట్టినదాన్ని నడిపేది ప్రణాళికేతర వ్యయం. మొదటిదానికి గౌరవం, రెండోదానికి కోత. కొత్త ఆస్పత్రి గదికి నిధులుండేవి, అందులో నర్సు జీతానికి ఉండేవి కావు. ఏ ప్రయోగమైనా మొదటి మూడేళ్లు ప్రణాళిక పద్దులో బతికి, నాలుగో ఏట అనాథ అయ్యేది. రంగరాజన్ కమిటీ 2011లో ఈ విభజనను తొలగించాలని సూచించింది. 2017-18 బడ్జెట్‌తో అది రద్దయింది. అప్పటికి ఎన్నో ప్రయోగాలు బావి తవ్వించి చేద కొనివ్వడం మరిచిన దాత కథలుగా మిగిలాయి.

కిత్తూరు వెనుక కథ

ఈ నేపథ్యంలో చూసినప్పుడే సీడాట్ ప్రత్యేకత బోధపడుతుంది. 1980 నాటికి దాదాపు 70 కోట్ల జనాభా గల దేశంలో టెలిఫోన్ కనెక్షన్లు 20 లక్షల పైచిలుకు మాత్రమే. దరఖాస్తు చేసినవారు ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. పల్లెల్లో ఫోను ఊసే లేదు. 1981లో సరీన్ కమిటీ ఈ రంగం దుస్థితిని లోతుగా పరిశీలించింది. ఫ్రెంచి కంపెనీ సాంకేతికతతో ఉత్తరప్రదేశ్‌లోని మాన్కాపూర్‌లో డిజిటల్ ఎక్స్ఛేంజీల కర్మాగారం పెట్టడానికి ప్రభుత్వం సిద్ధపడింది. ఒడిశాలోని టిట్లాగఢ్‌లో పుట్టి, అమెరికాలో టెలికాం ఇంజనీరుగా పేరు, సంపద గడించిన శామ్ పిట్రోడా అదే కాలంలో ఇందిరాగాంధీ ముందుకు మరో ప్రతిపాదన తెచ్చారు. కొనుక్కోవడం కాదు, తయారు చేసుకోవాలి, అది కూడా పల్లెతో మొదలుపెట్టాలి అన్నది ఆ ప్రతిపాదన సారాంశం.

1984 ఆగస్టులో సీడాట్ ఏర్పడింది. దాన్ని శాఖలో ఒక విభాగంగా కాక, రిజిస్టరైన సొసైటీగా ఏర్పాటు చేయడంలోనే అసలు కిటుకు ఉంది. నియామకాలు, కొనుగోళ్లు, ఖర్చు విషయంలో శాఖాపరమైన సంకెళ్లు దానికి లేవు. ఏడాదికి కొంత చొప్పున విదిలించే గ్రాంటు కాక, మొత్తం కాలానికి మొత్తం సొమ్మును ముందే ఖరారు చేశారు. అప్పుడే కాలేజీల నుంచి బయటపడిన యువ ఇంజనీర్లను వందల సంఖ్యలో తీసుకుని ఢిల్లీ, బెంగళూరులలో పనిలో పెట్టారు. పిట్రోడా తన వంతుగా ఏడాదికి ఒక్క రూపాయి జీతం తీసుకున్నారు. రాజీవ్‌గాంధీ రాజకీయ అండ వెన్నంటి ఉంది.

గడువులోగా గ్రామీణ ఎక్స్ఛేంజీ సిద్ధమైంది. దాని రూపకల్పనను ప్రభుత్వ, ప్రైవేటు తయారీదారులకు లైసెన్సుపై ఇచ్చారు. విడిభాగాల తయారీకి ఒక దేశీయ పరిశ్రమ పుట్టుకొచ్చింది. దాంతోపాటు యంత్రానికి సంబంధం లేని మరో కొత్తదనం పల్లె ముఖచిత్రాన్ని మార్చింది. ఎస్టీడీ బూత్‌ను శాఖ ఉద్యోగికి బదులు కమీషన్ మీద స్థానికుడు నడపడం ఆ మార్పు. పసుపు రంగు బోర్డుల వెనుక కూర్చున్న వేలాది నిరుద్యోగులు, వికలాంగులు, చిన్న దుకాణదారులు ప్రభుత్వం జీతమివ్వని సేవకులయ్యారు. ఫోను ఇంట్లో ఉండక్కరలేదు, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉంటే చాలునన్న ఈ ఆలోచనకు అయిన ఖర్చు అత్యల్పం. అది అందించిన ప్రయోజనం కోట్ల రూపాయల యంత్రాలతో సమానం.

అంతా విజయగాథ కాదు. నగరాలకు కావలసిన వేల లైన్ల పెద్ద ఎక్స్ఛేంజీ గడువు దాటిపోయింది. చెప్పినదానికి, చేసినదానికి మధ్య తేడా విమర్శకులకు ఆయుధమైంది. 1989 చివర ప్రభుత్వం మారాక కమ్యూనికేషన్ల శాఖను కె.పి. ఉన్నికృష్ణన్ చేపట్టారు. మంత్రికి, పిట్రోడాకు మధ్య వైరం బహిరంగమైంది. సీడాట్ పనితీరు సమీక్షకు గురైంది. ప్రజాధనం వాడిన సంస్థను ప్రశ్నించే హక్కు కొత్త ప్రభుత్వానికి నిస్సందేహంగా ఉంది. కానీ ఆ సమీక్ష సాంకేతిక ప్రశ్నగా మొదలై రాజకీయ లెక్కల పరిష్కారంగా మారింది. ఏ నాయకుడి అండ సీడాట్‌ను నియమాల పంజరం నుంచి బయటికి తెచ్చిందో, ఆ నాయకుడి ఓటమితోనే దానికి గొడుగు లేకుండా పోయింది. వ్యవస్థ ఇవ్వని స్వేచ్ఛను వ్యక్తి ఇస్తే, ఆ వ్యక్తితో పాటే ఆ స్వేచ్ఛా వెళ్లిపోతుంది.

రైల్వే కౌంటర్ దగ్గర

అదే కాలంలో మరో ప్రయోగం ఎలాంటి హడావుడీ లేకుండా సాగింది. 1985కు ముందు రైలు రిజర్వేషన్ అంటే గుమాస్తా ముందు ఉండే పెద్ద రిజిస్టరు. ఈ రైలుకు ఈ కౌంటర్, ఆ రైలుకు ఆ కౌంటర్. ఒక క్యూలో గంటలు నిలబడి ఖాళీ లేదని తెలిశాక మరో క్యూలో మళ్లీ మొదటి నుంచి నిలబడాలి. రిజిస్టరులోని ఖాళీలు ఎవరికీ కనిపించవు కాబట్టి దళారికి పండగ. 1985 నవంబరులో ఉత్తర రైల్వే ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. దాన్ని రూపొందించింది ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ. భారత్ నుంచి ఐబీఎం నిష్క్రమించినప్పుడు దాని కంప్యూటర్ల నిర్వహణ భారాన్ని నెత్తిన వేసుకున్న ఈ సంస్థకు హైదరాబాద్‌లో పరిశోధన కేంద్రం ఉండేది.

ఢిల్లీ ప్రయోగం ఫలించాక రైల్వే ఒక్కసారిగా దేశమంతా పాకించలేదు. 1986లో క్రిస్ అనే తన సొంత సమాచార సంస్థను ఏర్పాటు చేసుకుంది. ఒక్కో నగరంలో విడివిడిగా వ్యవస్థలు నిలదొక్కుకున్నాక, ఎక్కడి నుంచి ఎక్కడికైనా టికెట్ ఇచ్చే కొత్త సాఫ్ట్‌వేర్‌ను క్రిస్ రూపొందించింది. 1994లో దాన్ని తొలుత నెలకొల్పింది సికింద్రాబాద్‌లో. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాల అనుసంధానం 1999 నాటికి పూర్తయింది. అంటే తొలి ప్రయోగం నుంచి దేశవ్యాప్త వ్యవస్థ దాకా 14 ఏళ్లు. ఈ కాలంలో కేంద్రంలో అరడజనుకు పైగా ప్రధానులు మారారు. రిజర్వేషన్ ప్రాజెక్టు మాత్రం ఆగలేదు.

సీడాట్‌కు, దీనికి తేడా ఎక్కడుంది? రైల్వేకు అప్పట్లో సొంత బడ్జెట్ ఉండేది, సొంత ఆదాయం ఉండేది. కొత్తదనం వల్ల కలిగే లాభం ఏ శాఖ ఖర్చు పెట్టిందో ఆ శాఖకే దక్కేది. ప్రయోగాన్ని కన్నవారే పెంచే బాధ్యతనూ తీసుకున్నారు. ఒక వ్యక్తి పేరుతో ముడిపడలేదు కాబట్టి దాన్ని దెబ్బతీయడం వల్ల ఎవరికీ రాజకీయ ప్రయోజనం లేకపోయింది.

పహాణీ పాఠం

భూమి రికార్డుల కథ దీనికి భిన్నం. 1988-89లో కేంద్రం నూటికి నూరు శాతం తన నిధులతో ఎనిమిది రాష్ట్రాల్లో ఒక్కో జిల్లా ఎంచుకుని భూ రికార్డుల కంప్యూటరీకరణ మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైనది రంగారెడ్డి జిల్లా. నిధులు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి. కానీ రికార్డులు ఎక్కించే పని నత్తనడక నడిచింది. ఎక్కించిన రికార్డు పక్కనే చేతిరాత పహాణీ యథావిధిగా చెలామణి అయింది. రెండింటిలో ఏది నిజమంటే కరణంగారి చేతిలోనిదే నిజం. డబ్బు ఢిల్లీది, రికార్డు రాష్ట్రానిది, అధికారం గ్రామ లెక్కాధికారిది. మారాలన్న అవసరం ఈ ముగ్గురిలో ఎవరికీ లేదు.

అదే పథకం నిధుల పునాది మీద 2001లో కర్ణాటక భూమి ప్రాజెక్టును నిలబెట్టింది. దాదాపు 2 కోట్ల రికార్డులు, 67 లక్షల మంది భూ యజమానులు, 177 తాలూకాలు. కంప్యూటర్ అందరికీ ఉన్నదే. రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కిన తాలూకాలో చేతిరాత పహాణీ జారీని నిషేధించడం అక్కడి కొత్తదనం. పాత దారి మూసేస్తే తప్ప కొత్త దారిలో ఎవరూ నడవరన్న సత్యాన్ని గుర్తించారు. నకలుకు 15 రూపాయల రుసుము పెట్టి, ఆ రాబడితో కౌంటర్ల నిర్వహణ సాగేలా చూశారు. రెండో ఏడాది ప్రశ్నకు దొరికిన నిజాయితీ గల జవాబుల్లో ఇదొకటి.

అయినా దాని మీద విమర్శలు లేకపోలేదు. బెంగళూరు శివారు భూములపై 2007లో వెలువడిన ఒక పరిశోధన, రికార్డులు ఒకచోట చేరడం వల్ల పెద్ద కొనుగోలుదారులకు భూసేకరణ సులువైందని, చిన్న రైతుకు అందాల్సిన మేలు అంతగా అందలేదని వాదించింది. సేవ వేగవంతమైతే చాలదు, ఆ వేగం ఎవరికి లాభమో కూడా అడగాలని ఆ విమర్శ గుర్తుచేసింది.

రెండు రాష్ట్రాలు, రెండు దారులు

2000 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ధార్ అనే గిరిజన జిల్లాలో జ్ఞానదూత్ ఆరంభమైంది. పంచాయతీలు తమ నిధులతో పల్లెల్లో కంప్యూటర్ కేంద్రాలు పెట్టుకున్నాయి. మండీ ధరలు, ధ్రువపత్రాల దరఖాస్తులు, ఫిర్యాదులు అక్కడి నుంచే. ఆ ఏడాదే స్టాక్‌హోమ్ ఛాలెంజ్ అవార్డు వరించింది. విదేశీ ప్రతినిధి బృందాలు ధార్‌కు బారులు తీరాయి. కానీ కరెంటు ఉండేది కాదు, లైను కలిసేది కాదు. పల్లె నుంచి వెళ్లిన ఫిర్యాదుకు జవాబివ్వాల్సిన జిల్లా కార్యాలయాల పని తీరు మారలేదు. చొరవ తీసుకున్న అధికారులు బదిలీ అయ్యారు. వాడేవారు తగ్గిపోయి కేంద్రాలు ఒక్కొక్కటిగా కళ తప్పాయి. ఆరంభశూరత్వానికి అంతర్జాతీయ బహుమతి దక్కిన సందర్భమది.

హైదరాబాద్‌లో 1999 డిసెంబరులో ట్విన్స్ పేరుతో మొదలై, 2001లో ఈసేవగా మారిన ప్రయోగం మరో దారి పట్టింది. కరెంటు బిల్లు, నీటి బిల్లు, ఆస్తిపన్ను ఒకే కౌంటర్‌లో కట్టవచ్చు. ప్రైవేటు భాగస్వామి పరికరాలు పెట్టుకుంటే, లావాదేవీకి ఇంత చొప్పున శాఖలు చెల్లించేవి. జనం రాకపోతే భాగస్వామికి రాబడి లేదు కాబట్టి కౌంటర్ తెరిచి ఉంచాల్సిన అవసరం అతనిదే. 2004లో అధికారం చేతులు మారింది. చంద్రబాబు నాయుడి ముద్ర బలంగా ఉన్న ఈ పథకాన్ని వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం మూసేయలేదు. 2011లో అది మీసేవగా విస్తరించింది. 2014 విభజన తర్వాతా రెండు రాష్ట్రాల్లో కొనసాగింది. క్యూలో నిలబడని అనుభవానికి జనం అలవాటు పడ్డాక దాన్ని తీసేయడానికి ఏ పార్టీకీ ధైర్యం చాలదు. ప్రయోగానికి దొరికే గట్టి బీమా అదే. అయితే ఈసేవ బిల్లులు కట్టించుకోవడంలో చూపిన చురుకుదనాన్ని, పేదవాడికి ప్రభుత్వం ఇవ్వాల్సినవాటిని ఇప్పించడంలో చూపలేదు. కట్టే చేతికి లావాదేవీ రుసుము ఉంది, పుచ్చుకునే చేతికి లేదు.

జిల్లాకు ఒక కోటి

వీటన్నిటి అనుభవంతో, వ్యక్తుల దయ మీద ఆధారపడకుండా ప్రయోగానికి ఒక శాశ్వత పద్దు ఏర్పాటు చేసే ప్రయత్నం 2010లో జరిగింది. విజయ్ కేల్కర్ అధ్యక్షతన 13వ ఆర్థిక సంఘం దేశంలోని ప్రతి జిల్లాకూ ఒక కోటి రూపాయల నూతన ఆవిష్కరణల నిధిని సిఫారసు చేసింది. కొత్త కట్టడాలకు కాక, ఇప్పటికే ఉన్న ఆస్తులలోని చిన్న లోటును పూడ్చి వాటిని పూర్తిగా వాడుకలోకి తేవడం దీని ఉద్దేశం. వైద్యశాల ఉండి జనరేటర్ లేకపోవడం, బడి ఉండి నీటి కుళాయి లేకపోవడం వంటి వెలితి అందరికీ తెలిసిందే. కట్టడానికి, నడపడానికి మధ్య ఉన్న గోతిని గుర్తించిన తొలి జాతీయ పద్దుల్లో ఇదొకటి.

ఐదేళ్ల తర్వాత ఆ పద్దు కనుమరుగైంది. వై.వి. రెడ్డి అధ్యక్షతన 14వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది. షరతులతో కూడిన ప్రత్యేక గ్రాంట్లను చాలావరకు పక్కన పెట్టింది. సమాఖ్య సూత్రం ప్రకారం అది సమర్థనీయమైన నిర్ణయం. ఏ జిల్లాకు ఏం కావాలో ఢిల్లీ కంటే రాష్ట్రానికే బాగా తెలుసు. కానీ షరతుల్లేని సొమ్ము రాష్ట్ర ఖజానాకు చేరాక అది జీతాలతో, పింఛన్లతో, సబ్సిడీలతో, ఎన్నికల హామీలతో పోటీపడాలి. ఆ పోటీలో ప్రయోగానికి ఓటు లేదు. చిన్నదైనా పేరు రాసి ఉన్న సొమ్ము కలెక్టరు బల్ల మీద ఉండటం వేరు, పెద్దదైనా పేరు లేని సొమ్ము సచివాలయంలో ఉండటం వేరు.

కేంద్ర ప్రాయోజిత పథకాల్లో వెసులుబాటు నిధి ద్వారా ఈ లోటు పూడ్చాలన్న ఆలోచన కూడా అదే కాలంలో వచ్చింది. 2014-15లో 10 శాతంగా మొదలై, 2016 మార్గదర్శకాలతో రాష్ట్రాలకు 25 శాతానికి పెరిగింది. కొత్త పద్ధతులను ప్రయోగాత్మకంగా పరీక్షించడం దాని లక్ష్యాల్లో ఒకటిగా రాశారు. కాగితం మీద ఇది జిల్లాకు కోటి కన్నా ఎన్నో రెట్లు పెద్దది. కానీ ఆ సొమ్ము పథకం గోడల లోపలిదే. ప్రకృతి విపత్తు వంటి అత్యవసరాలకూ అదే నిధి దిక్కు. వరద ఒక పక్క, ప్రయోగం ఒక పక్క ఉంటే కలెక్టరు దేనికి ఖర్చు పెట్టాలో చెప్పనక్కరలేదు.

పొరుగున బంగ్లాదేశ్ ఇదే ప్రశ్నకు వేరే జవాబు వెతికింది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో ప్రధాని కార్యాలయంలో ఏ2ఐ అనే కార్యక్రమం నెలకొల్పి, అధికారుల నుంచి, పౌరుల నుంచి ప్రతిపాదనలు ఆహ్వానించి, చిన్న గ్రాంట్లు ఇచ్చే సేవా ఆవిష్కరణల నిధిని నడిపింది. ఏ మార్పునైనా మూడు కొలతలతో తూచారు: పౌరుడికి ఎంత సమయం తగ్గింది, ఎంత ఖర్చు తగ్గింది, కార్యాలయం చుట్టూ తిరగడం ఎన్నిసార్లు తగ్గింది. ఎంత ఖర్చు పెట్టామన్నది కాక, ఎంత తిప్పట తగ్గించామన్నది లెక్కించడం తెలివైన పద్ధతి. అయితే ఆ కార్యక్రమం ఊపిరి పోసుకున్న డిజిటల్ బంగ్లాదేశ్ నినాదం 2008లో ఒక పార్టీ ఎన్నికల ప్రణాళికలో పుట్టింది. 2024 ఆగస్టులో ఆ పార్టీ ప్రభుత్వం కూలిపోయింది. మంచి పనిని ఒక నాయకత్వం పేరుతో ముడివేస్తే ఎదురయ్యే ముప్పును ఢిల్లీ 1989లోనే చూసింది.

మిగిలిన లెక్క

టెలిఫోన్ కథ ఒక వలయం తిరిగి మొదలైన చోటికే వచ్చింది. పల్లెలకు సేవలు అందించడానికి టెలికాం కంపెనీల రాబడి నుంచి సుంకం వసూలు చేసే సార్వత్రిక సేవా నిధి 2002లో మొదలైంది. పల్లెల పేరుతో వసూలైన ఆ సొమ్ములో ఖర్చు కాకుండా మిగిలిపోయిన నిల్వల మీద ఏళ్ల తరబడి విమర్శలు సాగాయి. 2022లో ఆ నిధి వార్షిక వసూళ్లలో 5 శాతాన్ని దేశీయ సాంకేతికత అభివృద్ధికి కేటాయించారు. 2023 టెలికాం చట్టం దాని పేరును డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. 1984లో ఒక ప్రధాని సంకల్పం మీద నడిచిన పనికి ఇప్పుడు చట్టబద్ధమైన పద్దు ఉంది. అది ఎన్ని కిత్తూరులను తయారు చేస్తుందన్నది వేరే లెక్క.

ఈ ఏడు దశాబ్దాల అనుభవం చెప్పేది క్లిష్టమైనదేమీ కాదు. మూడు చోట్ల ప్రయోగం నిలిచింది: మొత్తం కాలానికి సొమ్ము ముందే ఖరారైన చోట, పాత పద్ధతిని మూసేసే అధికారం తోడైన చోట, రెండో ఏడాది ఖర్చుకు దారి ఆలోచించిన చోట. ఫలితం పండకముందే విస్తరించిన చోట, బహుమతే గమ్యమైన చోట, నాయకుడి నీడ తప్ప మరో గొడుగు లేని చోట అది కూలింది. వైఫల్యాన్ని అవినీతి నుంచి వేరు చేసి చూడగల ఆడిట్ లేకపోవడం ఈ కథలన్నిటి వెనుకా ఉన్న లోటు. దొంగతనం చేసిన అధికారిని, నిజాయితీగా ప్రయత్నించి ఓడిన అధికారిని ఒకే బోనులో నిలబెట్టే వ్యవస్థలో, మూడో రకం అధికారి, అంటే ఏమీ చేయని వాడే, క్షేమంగా పదవీ విరమణ చేస్తాడు.

దాని మూల్యం చెల్లించేది మాత్రం అధికారి కాదు. పింఛను కోసం నాలుగోసారి కార్యాలయానికి వచ్చిన వృద్ధురాలి బస్సు చార్జీ ఏ బడ్జెట్ పద్దులోనూ కనిపించదు. ఆమె కోల్పోయిన కూలి దినాన్ని ఏ ఆడిటరూ నష్టంగా రాయడు. ప్రయోగానికి అయ్యే ఖర్చు కాగితం మీద కనిపిస్తుంది కాబట్టి అది ఎక్కువగా తోస్తుంది. ప్రయోగం చేయకపోవడానికి అయ్యే ఖర్చు జనం జేబులో నుంచి పోతుంది కాబట్టి అది లెక్కలోకే రాదు. ప్రభుత్వం ఆ రెండో లెక్క రాయడం మొదలుపెట్టిన రోజున 36 కోట్లు పెద్ద మొత్తంగా కనిపించవు.